మంచం నుంచి వంటింటికి

పది దాటి ఇరవై నిమిషాలైంది. పదిన్నరకి వస్తామన్నారు, అంటే ఐదు నిమిషాలు ముందే వస్తారు, ఇల్లు కొనేవాళ్ళకి ఆత్రం ఎక్కువ, అమ్మేవాళ్ళకి ధీమా ఎక్కువ, మధ్యలో అద్దెకుండేవాళ్ళకి ఏదీ ఎక్కువ ఉండకూడదు, మూలన చీపురులా నోరు మూసుకుని నిలబడాలి, నేను మాత్రం వంటింటి గట్టు మీద కాగితం పరుచుకుని పెన్ను మూత తీస్తున్నాను, పెడుతున్నాను, మళ్ళీ తీస్తున్నాను. కాగితం మా ఆఫీసుదే, ఇంటి లోపాలు రాసే పేజీ, గోడ చెమ్మ, పగుళ్ళు, కుళాయి ధార, లిఫ్టు, వెలుతురు, పక్కింటి చప్పుళ్ళు, ఇరవై మూడేళ్ళుగా ఎవరెవరి ఇళ్ళకో నింపిన పేజీని ఇవాళ మొదటిసారి మేమున్న ఇంటికి నింపాను, నింపి బడిపిల్లలా బట్టీ పట్టాను. స్నానాలగది గోడలో చెమ్మ. నాలుగో అంతస్తు, లిఫ్టు వారానికి రెండుసార్లు మొండికేస్తుంది. వీధి తలుపు తీసి వరండాలోకి వెళ్తే తిన్నగా ఎదురుగా కిందికి దిగే మెట్లు, మెట్ల మొదట్లో గేటు లేదు, పట్టుకోవడానికి కటకటాలు లేవు, మెట్ల పైన ఎప్పుడూ తెరిచే ఉండే కిటికీ, పిల్లలున్నవాళ్ళకి ప్రమాదం. అన్నీ వరసగా చెప్పేస్తాను, విని వాళ్ళు మొహాలు చూసుకుని వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతే ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటాం, నచ్చిందంటే నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి, ఇంతే సంగతి, యాభై ఒక్కేళ్ళ నా బతుకులో ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకోటి లేదు, ఎందుకంటే అమ్మకి కళ్ళు కనపడవు.

అవతలి గదిలో మంచం కిర్రుమంది, లేస్తోంది, ఒకటి, రెండు, మూడు, పెదవులు కదులుతాయి గానీ మాట బయటికి రాదు, ఆరో అడుగుకి గది గుమ్మం, అక్కడ ఎడమకి తిరిగి వేళ్ళ కొసలు గోడకి ఆనించి ఇంకో ఐదు, పదకొండో అడుగు వంటింట్లో పడుతుంది. మంచం నుంచి వంటింటికి పదకొండు, మంచం నుంచి తిన్నగా హాలు దాటి వీధి తలుపుకి పంతొమ్మిది, అక్కడ చెయ్యి చాపితే గడియ తగులుతుంది, ఆ తర్వాతి ప్రపంచం ఆమె లెక్కలో లేదు, అది నా చెయ్యి పట్టుకుని వెళ్ళే చోటు. ముప్పై రెండేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు, ఊళ్ళో ఎవరి నంబరు అడిగినా బోర్డు వంక చూడకుండా తీగ గుచ్చేదిట, కళ్ళు చేసే పని చేతులకి నేర్పితే కళ్ళకి విశ్రాంతి అనేది, ఏ నోటితో అందో గానీ ఆరేళ్ళ కింద కంటినరాలు ఎండిపోయాయి, కళ్ళకి పూర్తిగా విశ్రాంతి దొరికింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఈ ఇల్లు ఆమెని కొట్టింది, నిజంగానే కొట్టింది, తలుపు అంచు నుదుటి మీద, బల్ల కోడు మోకాలి మీద, ఒంటి మీద నల్లమచ్చ లేని రోజు లేదు, గ్లాసు పగిలిన చప్పుడు విని నేను పరుగెత్తితే ‘అక్కడే ఆగు, పెంకులు గుచ్చుకుంటాయి’ అని నా కాళ్ళ కోసం ఆమె భయపడేది. ఏడాది తర్వాత ఒక పొద్దున్న కళ్ళు తెరిచేసరికి నా పక్కన టీ కప్పు, కప్పు వెనకాల అమ్మ, ‘పదకొండేనే, ఇన్నాళ్ళూ పది అనుకుని గట్టుకి గుద్దుకుంటున్నాను’ అని నవ్వింది. ఇప్పుడు ఇంకో ఇంట్లో దింపితే ఆమెకి రెండోసారి కళ్ళు పోతాయి. డెబ్బై నాలుగేళ్ళ కాళ్ళతో మళ్ళీ ఏడాది దెబ్బలు తినడం ఆమె వల్ల కాదు, చూడడం నా వల్ల కాదు.

‘టీ పెట్టనా బ్యాంకు వాళ్ళకి?’ అంది, పదకొండో అడుగు మీద నిలబడి. ‘వాళ్ళు తాగరమ్మా, నువ్వు గదిలో కూర్చో.’ ‘తాగకపోవడమేంటే, అప్పిచ్చేవాళ్ళని కాస్త మంచి చేసుకోవాలి’ అంటూ గిన్నె అందుకుంది, దాని చోటు చేతికి తెలుసు. వచ్చేది బ్యాంకు వాళ్ళు కాదు. వచ్చేది ఇల్లు కొనేవాళ్ళు. నాలుగు నెలల కింద ఇంటాయన ఫోను చేసి అమ్మేస్తున్నానమ్మా అని చెప్పినప్పుడు, ‘ఏంటే, ఏమంటున్నాడు?’ అని అమ్మ అడిగింది, నా నోటి వెంట ‘మనకే ఇస్తానంటున్నాడమ్మా, కొనుక్కుందాం’ అని వచ్చేసింది, ఆ పూటకి గండం గడిస్తే చాలనుకున్నాను. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు, నాది మరీ అతుక్కుపోయింది, ఆ రోజు నుంచి అమ్మ గోడల్ని తడిమే తీరే మారిపోయింది, ఇది నాది అన్నట్టు అరచేయంతా పెట్టి తడుముతోంది, ‘సొంతిల్లు చూడకుండా పోతాననుకున్నాను’ అంది ఒకసారి, అని తనే నవ్వుకుంది, చూడకపోయినా దొరికిందిలే అని. ఇవాళ మనుషులొస్తున్నారంటే ఏం చెప్పను, అప్పిచ్చే ముందు ఇల్లు చూసుకోవడానికి బ్యాంకు వాళ్ళొస్తున్నారని చెప్పాను.

నా ఉద్యోగం ఇళ్ళ ధరలు అడగడం. కొనడం కాదు, అడగడం. అమ్మకానికి పెట్టిన ఇంటికి వెళ్ళి, టేపు పట్టి కొలిచి, ఎంత చెప్తున్నారు, ఎంతకి పోయింది అని రాసుకు రావడం, అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఎంత అడిగినా ఎవరూ ఏమీ పెట్టని ఉద్యోగం ఇది. ఇలా పది దేశాల్లో పదిమందిమి, పైన పట్టిక తయారుచేసే ఆయన ఒకడు, ఆయన్ని పట్టికాయన అంటాం, గురువారం గురువారం పదకొండింటికి అందరం ఫోను తెర మీద చేరి, అందరికీ సగం సగం వచ్చిన ఒక భాషలో తలా ఒక అంకె చెప్తాం. అంకె అంటే ఏళ్ళు. ఆ దేశంలో ఒక మామూలు కుటుంబం తన సంపాదనంతా, చిల్లిగవ్వ ఖర్చుపెట్టకుండా, తినకుండా, దీపం వెయ్యకుండా, జ్వరం తెచ్చుకోకుండా దాచిపెడితే మామూలు రెండు గదుల ఇల్లు ఎన్నేళ్ళకి చేతికొస్తుందో అన్నేళ్ళు. ఏ దేశంలో మనుషులు గాలి మేసి బతుకుతారండీ అని మొదటి గురువారమే అడిగాను, పట్టికాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, ‘అన్ని దేశాల వాళ్ళూ ఒకే రకంగా తిండి మానేశారనుకుంటేనే పోలిక కుదురుతుంది’ అన్నాడు. మనుషులందరూ సమానమని నాకు ఋజువు దొరికింది ఆ ఒక్క చోటే.

ఒకరి పేరు ఒకరికి నోరు తిరగదు, అందుకని అంకెలే పేర్లయ్యాయి. తొమ్మిది అనే గడ్డపాయన దేశంలో ఎవరూ పెద్దగా ఇళ్ళు కొనరు, పుట్టిన అద్దింట్లోనే పోతారు, ఇంటాయన ఖాళీ చెయ్యమన్నాడని నేను చెప్తే ఆయనకి అర్థం కాలేదు, అద్దె కట్టలేదా అన్నాడు, కట్టాను, మరి ఇల్లు కూలిపోతోందా అన్నాడు, లేదు, మరెందుకు వెళ్తావు అని మూడోసారి అడిగాడు. పదమూడు అనే ఆయన ఇంట్లో మంచం మీద కూర్చునే పొయ్యి మీద గరిట తిప్పచ్చు, వాళ్ళ దేశంలో ఇల్లు చిన్నదయ్యేకొద్దీ అంకె తగ్గుతుందని ఆయన జోకేస్తాడు, ఆయనే నవ్వుతాడు. నాలుగు అనే ఆవిడంటే నాకు మొదట్లో కడుపుమంట, నాలుగేళ్ళట, నాలుగేళ్ళు ఉపవాసముంటే ఇల్లట, నేనైతే ఏడేళ్ళుంటాను, ఒంటి కాలి మీదుంటాను అనుకునేదాన్ని, ఒకసారి ఉండబట్టలేక మరి నువ్వెందుకు కొనుక్కోలేదని అడిగాను, ఆవిడ ఫోను కిటికీ వైపు తిప్పింది. వీధి, వీధికి రెండు వైపులా మంచి ఇళ్ళు, పూలమొక్కల కుండీలు పెట్టుకునే అరుగులతో సహా, కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఫ్యాక్టరీ మూతపడిందట, ‘ఇక్కడ ఇల్లు నాలుగేళ్ళ జీతం, ఆ జీతమే లేదు’ అంది. అందరికన్నా పెద్ద అంకె నాదే, ఇరవై ఆరు, ‘ఏం ఇరవై ఆరూ, అమ్మ బావుందా?’ అని ప్రతి గురువారం మొదట పలకరించేది ఆవిడే.

ఇరవై ఆరు నా వల్లే ఇంటి దాకా వచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు, నాలుగుకి కూడా చెప్పలేదు. ఐదు నెలల కింద ఆఫీసులో చీటీలు తీస్తే మా వీధి వచ్చింది, అందులో మా భవనం, అందులో నాలుగో అంతస్తు. సొంతింటి లెక్క తను తీసుకోకూడదు, ఇంకొకరికి అప్పగించాలని మాకో నియమం, ఇది సొంతిల్లు కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఇంకో వీధికి వెళ్ళే పని తప్పుతుందని కక్కుర్తి. నియమం ప్రకారం ఇంటాయనకి ఫోను చేసి నియమం ప్రకారం అడిగాను, ఇవాళ మీ ఇల్లు అమ్మితే ఎంత వస్తుందనుకుంటున్నారు అని. ఆయన మందుల షాపు నడిపి మానుకున్న పెద్దాయన, తొమ్మిదేళ్ళలో అద్దె ఒక్కసారి పెంచాడు, అదీ సిగ్గుపడుతూ. ఆయన చెప్పిన ధర పదిహేనేళ్ళ కిందటిది. నేను నవ్వాను, అక్కడే నా కొంప మునిగింది, రాసుకుని ఊరుకోవాలి, ధరలు అడిగేవాళ్ళ పని రాసుకోవడం, కానీ నా నోట్లో నువ్వుగింజ నానదు, ఇరవై మూడేళ్ళ అనుభవం, ఊళ్ళో ఏ ఇల్లు ఎంత పలుకుతుందో నాకన్నా తెలిసినవాళ్ళు లేరని గొప్ప, ‘మీరే కాలంలో ఉన్నారండీ, దానికి మూడింతలుంది’ అన్నాను. ‘మూడింతలా అమ్మా?’ ‘మూడింతలకి ఇంకాస్త పైనే.’ ఫోను పెట్టేసి ఆ అంకె పట్టికలో వేశాను, చక్కటి చేతిరాతతో. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో చిన్నప్పుడు పుస్తకంలో చదివాను, ఎవరైనా అలా చేస్తారా అనుకున్నాను.

పైగా ఆయన మంచివాడు, అదొక బాధ, చెడ్డవాడైతే తిట్టుకుని బతికేదాన్ని. కూతురి వైద్యానికి డబ్బు కావాలమ్మా, ఇంత వస్తుందని నువ్వు చెప్పేదాకా నాకు తట్టలేదు, దేవతలా చెప్పావు అన్నాడు, నువ్వు కొంటానంటే పది శాతం తగ్గిస్తాను, నాలుగు నెలలు ఆగుతాను అన్నాడు, ఆగాడు. నేను బ్యాంకుల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మూడో బ్యాంకులో ఒక అమ్మాయి, చిన్నది, చాలా మర్యాదస్తురాలు, నా కాగితాలన్నీ చూసి, ‘మీకు రిటైర్మెంటుకి తొమ్మిదేళ్ళే ఉంది కదండీ, మేం తొమ్మిదేళ్ళకే ఇవ్వగలం’ అంది. ఇరవై ఆరులో తొమ్మిది. మిగతా పదిహేడేళ్ళు ఎక్కడ తేవాలి, ఎవరి దగ్గర అప్పడగాలి, ఏళ్ళు చేబదులిచ్చేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా. పట్టికలో ధరకి గడి ఉంది, ఆదాయానికి గడి ఉంది, ఇంటికి ఒకటిన్నర మంది సంపాదనపరులని కూడా ఉంది, ఆ అర మనిషి ఎవరా అని వెతుక్కోనక్కర్లేదు, మా ఇంట్లో అమ్మ పెన్షను, వయసుకి మాత్రం గడి లేదు. అందరూ ఇరవై ఐదేళ్ళ వయసులో, ఒకే రోజు, ఆకలి లేకుండా మొదలుపెట్టారనుకోవాలి. అద్దెకి ఇంకోటి చూడలేదా అంటారు, చూశాను, ఇరవై ఒక్క ఇళ్ళు, నా జీతానికి వచ్చేవి బస్సులో రెండు గంటల దూరం, దగ్గరున్నవాటిల్లో అమ్మ సంగతి చెప్పగానే తలుపు మీద చెయ్యి పెట్టేవాళ్ళు, కళ్ళు కనపడని మనిషి, పొయ్యి, గ్యాసు, మా ఇల్లు తగలబెడితే, ఏమనుకోకండి. ఏమీ అనుకోలేదు, వాళ్ళ ఇంటికి నేనే ధర కట్టి ఉంటాను ఎప్పుడో ఒకప్పుడు. ఏడుపొస్తోంది, ఇప్పుడు కాదు, బెల్లు మోగింది.

ముగ్గురు. చెవి దగ్గర ఫోను దించని బ్రోకరు, వెనకాల ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, బడిలో టీచరట. తలుపు తీసేదాకా వాళ్ళని పళ్ళు కొరుకుతూ తిట్టుకున్నాను, తీశాక ఆ అమ్మాయి చెప్పులు చూశాను, మడమల దగ్గర అరిగిపోయి ఒక పక్కకి ఒరిగాయి, నా చెప్పుల్లాగే, ఇళ్ళు చూసి చూసి అరిగిన చెప్పులు నాకు తెలుసు. ‘ఇది మేం చూస్తున్న నలభై మూడో ఇల్లండీ’ అంది, తప్పు చేసినదానిలా. నేను దయ తలచలేదు, దయ తలచే స్థితిలో లేను, ‘స్నానాలగదిలో చెమ్మ ఉంది, ముందే చెప్తున్నాను’ అని మొదలుపెట్టాను. ‘చెమ్మా? ఎక్కడే చెమ్మ?’ అని వంటింట్లోంచి అమ్మ వచ్చేసింది, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ఐదు కప్పులు, ఒక్క చుక్క ఒలకలేదు, ‘పైవాళ్ళు పైపు మార్చాక ఎండిపోయింది కదా, రోజూ తడిమి చూస్తున్నానుగా. దాని మాటలు పట్టించుకోకండి బాబూ, దానికి ఊళ్ళో ఇళ్ళన్నిటికీ వంకలు పెట్టడం అలవాటు, అదే ఉద్యోగం.’ వాళ్ళు నవ్వారు. ముప్పై రెండేళ్ళ ఆపరేటరు గొంతు, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు సరిగ్గా మొహం తిప్పుతుంది, కప్పు ఎవరి చేతికి ఎంత ఎత్తులో అందించాలో మాటని బట్టి కడుతుంది, ఆమెకి కళ్ళు కనపడవని వాళ్ళకి తెలియలేదు, చివరిదాకా తెలియలేదు.

లిఫ్టు అన్నాను. ‘మెట్లెక్కితే మోకాళ్ళకి మంచిది’ అంది. పక్కింటి చప్పుళ్ళు అన్నాను. ‘పక్కింటావిడ కూనిరాగం తీస్తుంది, పొద్దుపోతుంది’ అంది. మెట్ల దగ్గర గేటు లేదనబోయాను, అప్పటికే ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళింది, ‘ఇలా రా తల్లీ, ఈ కిటికీ దగ్గర నిలబడు. పొద్దున్న ఎండ మొదట దిండు మీద పడుతుంది, పదింటికి కాళ్ళ దగ్గరికొస్తుంది, పదకొండుకి గోడెక్కుతుంది, గడియారం అక్కర్లేదు. గాలి ఇటునుంచి అటు పోతుంది. ఈ స్నానాలగది కుళాయి విప్పి చూడు బాబూ, ధార చూడు.’ ధార చూశాడు. నేను కాగితం చేతిలో నలుపుతూ వెనకాల నడుస్తున్నాను, అమ్మా ఆగమ్మా, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నీ నోటి మంచితో మన కొంప పోతోందమ్మా, ఆమెకి అప్పు పుట్టాలి, బ్యాంకు వాళ్ళ మనసు కరగాలి, అందుకని ఉన్నదంతా ఊడ్చి చూపిస్తోంది, గది గుమ్మం నుంచి వంటింటికి ఐదడుగుల గోడ వెంట వేళ్ళు రాస్తూ, ‘ఇలాంటి ఇంటికి కాకపోతే ఇంకే ఇంటికిస్తారు నాయనా అప్పు?’ అంది. ఇరవై మూడేళ్ళలో ఏ బ్రోకరూ ఇంత బాగా ఇల్లు అమ్మడం నేను చూడలేదు.

‘మాకు బ్యాంకులో అప్పు పాసైపోయింది ఆంటీ’ అంది టీచరు, అమ్మ మాట ఎటో అర్థం చేసుకుని. కళ్ళు వెలిగిపోతున్నాయి పాపం, నలభై మూడో ఇల్లు. భర్త వైపు తిరిగి గోడని వేలితో కొట్టి చూపించింది, ‘ఏమండీ, ఈ గోడ తీసేస్తే హాలూ వంటిల్లూ కలిసిపోతాయి కదా, ఎంత వెలుతురో!’ అమ్మ వేళ్ళు ఆ గోడ మీదే ఉన్నాయి. ‘గోడ తీయడమేంటమ్మా? బ్యాంకుకి గోడతో ఏం పని?’ ‘బ్యాంకేంటి ఆంటీ, ఇల్లు కొంటోంది మేమేగా.’ పొయ్యి మీద మిగిలిన టీ పొంగబోతోంది, నేను కట్టేయలేదు, అమ్మే చెయ్యి చాపి కట్టేసింది. అమ్మ మొహం ఆ అమ్మాయి గొంతున్న వైపు నుంచి నా ఊపిరి ఉన్న వైపుకి తిరిగింది, నేను ఊపిరి బిగబట్టాను, దొంగలా. తర్వాత ఎక్స్‌ఛేంజి గొంతుతో, తీగ తెగినప్పుడు అవతలివాళ్ళకి చెప్పే గొంతుతో, ‘మంచిది తల్లీ. గట్టి గోడ. పగలగొట్టేటప్పుడు దుమ్ము బాగా లేస్తుంది, కిటికీలు మూసుకోండి’ అంది. నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది, మాటవరసకి కాదు.

వాళ్ళు వెళ్ళారు. మెట్ల దగ్గర గుసగుసలు, ఆ అమ్మాయి చిన్నగా ఏడుస్తున్నట్టో నవ్వుతున్నట్టో చప్పుడు, రెండు నిమిషాలకి బ్రోకరు ఒక్కడే వెనక్కొచ్చి గుమ్మంలోంచి తల పెట్టి, ‘మేడమ్, ఓకే అయిపోయింది, ఇంకెవరికీ చూపించకుండా ఉంటే అడిగిన ధరకి రెండు శాతం పైనే ఇస్తామంటున్నారు, మీ అమ్మగారు సూపర్ మేడమ్’ అని బొటనవేలు చూపించి, ఫోను చెవికి ఆనించుకుని అలాగే వెళ్ళిపోయాడు. అమ్మ హాల్లో కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టమని దేవుడికి మొక్కుకున్నాను, తిట్టలేదు. ‘మరి మనం?’ అంది. నిజం చెప్పడానికే నోరు తెరిచాను. ‘ఇంకోటి చూశానమ్మా, దీనికన్నా బావుంటుంది’ అన్నాను. ఆమె తలూపి, గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చుంది, మంచం కిర్రుమనడం వినపడింది, పదకొండైనట్టుంది, ఎండ గోడెక్కింది, చేతిలో ఫోను మోగుతోంది, గురువారం.

తెర మీద పదకొండు మొహాలు, నాది ఏదో నాకు ఒక్క క్షణం తెలియలేదు. కళ్ళు నొక్కుకుని వంటింటి గట్టు దగ్గరే నిలబడి లెక్క వేశాను, నలభై ఇళ్ళు, పోయినవారం సగటు ఇరవై ఆరున్నరకి వెంట్రుకవాసి కింద ఆగింది, ఇప్పుడు మా ఇంటి ధర కొత్తది, అడిగిన దానికి రెండు శాతం పైన, కలిపాను, భాగించాను, మళ్ళీ భాగించాను. గీత దాటింది, అర దాటితే పై అంకె చెప్పాలి. నా దేశాన్ని గీత దాటించింది మేమున్న ఇల్లే. ‘ఇరవై ఏడు’ అన్నాను. ఎవరో నాలుక చప్పరించారు, పట్టికాయన రాసుకుంటూ ఖాయమేనా అన్నాడు, ఖాయమే, నా కళ్ళముందే పోయింది, మా అమ్మే అమ్మింది అని ఆ సగం భాషలో ఎలా చెప్పాలో తెలియలేదు. ‘ఏమేవ్’ అని గదిలోంచి అమ్మ పిలిచింది, ‘ఆ ఇంట్లో మంచం నుంచి వంటింటికి ఎన్నడుగులే?’ నా నోట్లో ఒకే ఒక అంకె ఉంది. ‘ఇరవై ఏడు’ అన్నాను. ‘అమ్మో, అంత పెద్ద ఇల్లా!’ అంది అమ్మ. నవ్వింది కూడా. ‘పర్లేదులే, ఇక్కడే అలవాటు చేసుకుంటా.’

కాదమ్మా అనాలి, అని ఏం చెప్పాలి, ఎన్నడుగులని చెప్పాలి, ఏ ఇంటికి లెక్క చెప్పాలి, తెర మీద నాలుగు తన వంతు చెప్తోంది, ఈ వారం మూడుకి పడిందట, ఎదురింటి ముసలాయన పోయాడట, ఆ కిటికీలకీ చెక్కలు కొట్టేశారట, ‘ఇరవై ఆరూ, ఏమైంది నీకు, మొహం అలా ఉందేం?’ అంటోంది, ఇరవై ఏడు అని సరిదిద్దాలి, వెనకాల మంచం కిర్రుమంది. ఒకటి. రెండు. ఈసారి పైకే లెక్కపెడుతోంది, కొత్త లెక్క కదా, గట్టిగా, ఎక్స్‌ఛేంజిలో కొత్త నంబరు నేర్చుకున్నట్టు. ఐదు. ఆరు. గది గుమ్మం. ఇక్కడ ఎడమకి తిరగాలి, తిరగలేదు, అటు ఐదడుగులే ఉన్నాయి, ఇరవై ఏడుకి చోటు కావాలంటే ఈ ఇంట్లో తిన్నగా వెళ్ళడమొక్కటే దారి. పది. పదకొండు. తెర మీద మాటలు ఆగిపోయాయి, వాళ్ళకి మా భాష రాదు, అయినా లెక్క ఏ భాషలోనైనా లెక్కలాగే వినపడుతుంది, పదిహేడు, పద్దెనిమిది, నేను బొటనవేలితో కళ్ళు తుడుచుకుంటున్నాను, పంతొమ్మిదికి తలుపు తగులుతుంది, ఆగుతుంది, ఆగి నన్ను పిలుస్తుంది, అప్పుడు చెప్తాను, కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తాను, పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి.

తలుపు. బ్రోకరు తలుపు వెయ్యలేదు.

ఫోను గట్టు మీదినుంచి కింద పడింది, పదకొండు మొహాలతో సహా, కుర్చీ అడ్డమొచ్చింది, బల్ల కోడు నా మోకాలికి తగిలింది, ఆ దెబ్బ ఆరేళ్ళ కింద ఆమె తిన్న చోటే, వీధి తలుపు బార్లా తీసుంది, వరండాలో అమ్మ వీపు, నిటారుగా, చేతులు రెండూ కొంచెం ముందుకి చాపి, ఇరవై నాలుగు, ఇరవై ఐదు, అరవలేదు, అరిస్తే ఉలిక్కిపడి ఇంకో అడుగు వేస్తుందేమో, ఇరవై ఆరు, గేటు లేదు, కటకటాలు లేవు, కాగితం మీద అందంగా రాసుకున్నాను. వెనకనుంచి రెండు చేతులూ నడుం చుట్టూ వేసి పట్టుకున్నాను. కుడికాలు అప్పటికే గాలిలో ఉంది, మొదటి మెట్టుకి పైన, ఇంకా ఆనలేదు. మెట్ల పైన కిటికీలోంచి గాలి మా ఇద్దరి మొహాలకీ కొడుతోంది. అమ్మ కాలు వెనక్కి తీసుకోలేదు, గాలి వైపు మొహమెత్తి కాసేపు అలాగే నిలబడింది.

‘ఇరవై ఏడు’ అంది. ‘ఇదేనా వంటిల్లు? గాలి బాగా వస్తోందే.’